మామిడి ప్యాకెట్లో మామిడి ఎంత? జ్యూస్ లేబుళ్ల మీద ఒక సమీక్ష

బొమ్మ చూసి మార్కులు వేస్తే షాపు అరలోని జ్యూస్ ప్యాకెట్లన్నిటికీ పదికి పది వేయాల్సిందే. కోసిన మామిడి చెక్క, కారే రసం, ఆకు మీద నీటిచుక్క. అసలు సంగతి ప్యాకెట్ వెనక, అతుకు దగ్గర చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అదీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు, తెలుగు తప్పనిసరి కాదు. మామిడి పండించే చిత్తూరు రైతుకే ఆ ప్యాకెట్ మీద రాసింది చదవడం రాకపోవచ్చన్నమాట.

ముందు సరుకు పేరు చూడండి. బ్రాండ్ పేరు కాదు, దాని కింద సన్నగా ఉండే రెండు మాటలు: 'ఫ్రూట్ డ్రింక్', 'ఫ్రూట్ జ్యూస్', 'నెక్టర్', 'స్క్వాష్'. ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) నిబంధనల్లో వీటిలో ఒక్కోదానికి ఒక్కో కొలత ఉంది. ఫ్రూట్ డ్రింక్ అనిపించుకోవడానికి పండు 10 శాతం ఉంటే చాలు, నిమ్మ అయితే 5 శాతమే. స్క్వాష్‌లో పండు కనీసం 25 శాతం ఉండాలి. మనం 'మ్యాంగో జ్యూస్ ఒకటివ్వు' అని అడిగి కొనుక్కునే చిన్న ప్యాకెట్లలో చాలావాటి మీద జ్యూస్ అన్న మాటే కనపడదు. కంపెనీ అబద్ధం ఆడలేదు. జ్యూస్ అన్నది మనం.

10 శాతం అంటే ఎంతో ఒకసారి లెక్కేద్దాం. 200 మి.లీ. ప్యాకెట్లో 20 గ్రాముల గుజ్జు, అంటే అన్నం గరిటెలో సగం కూడా కాదు. పదార్థాల జాబితా ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది రూలు. చాలా ప్యాకెట్ల మీద వరస ఇలా ఉంటుంది (అంకెలు కలిపిన పదార్థాల కోడ్లు, కొలతలు కావు): నీళ్లు, చక్కెర, మామిడి గుజ్జు, ఆమ్లానికి 330 (సిట్రిక్ యాసిడ్), 300 (విటమిన్ సి), చిక్కదనానికి 440 (పెక్టిన్) లేదా 466, కొన్నిట్లో రంగుకు 110. గుజ్జు కన్నా చక్కెర ముందుందంటే మీరు కొంటున్నది మామిడి వాసన ఉన్న పానకం. పోషకాల పట్టికలో 100 మి.లీ.కి చక్కెర 13 గ్రాములని ఉంటే ప్యాకెట్ మొత్తానికి 26 గ్రాములు, అంటే ఐదారు టీస్పూన్లు. కంపెనీ అంకె 100 మి.లీ.కి ఇస్తుంది, తాగేది మాత్రం ప్యాకెట్టంతా. ఆ గుణకారం మనమే చేసుకోవాలి.

ఇంకో సంగతి. ప్రకటనలో ఏ పండు మెరిసినా, డ్రింకుల్లోకి ఎక్కువగా వెళ్లేది తోతాపురి, మన కలెక్టర్ కాయే. గుజ్జు బాగా వస్తుంది, ధర తక్కువ. కిలో కాయకు అర కిలోకు కాస్త అటూ ఇటూగా గుజ్జు దిగుతుంది. ఆ అర కిలోతో 10 శాతం లెక్కన 5 లీటర్ల డ్రింకు, అంటే 25 ప్యాకెట్లు. 2025లో చిత్తూరులో తోతాపురి ధర పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, పైన ప్రభుత్వం 4 రూపాయలు కలపాలని నిర్ణయించారు. ఆ 12 రూపాయల పక్కన 25 ప్యాకెట్ల ఎమ్మార్పీ పెట్టి చూడండి.

లీటరు డబ్బాల కథ వేరు. వాటిలో చాలావరకు గాఢంగా మరిగించిన రసానికి మళ్లీ నీళ్లు కలిపి చేసినవి. అలాంటప్పుడు పేరు పక్కన 'రీకాన్స్టిట్యూటెడ్' అని రాయాలి. తీపి కిలోకు 15 గ్రాములు దాటి కలిపితే 'స్వీటెన్డ్ జ్యూస్' అనాలి. ఇలాంటి డబ్బాల మీద '100 శాతం ఫ్రూట్ జ్యూస్' అన్న మాట తీసేయమని 2024 జూన్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ముందే అచ్చయిన ప్యాకింగ్ వాడుకోవడానికి మొదట సెప్టెంబర్ 1 దాకా గడువిచ్చింది. డాబర్ దాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. మా ఉద్దేశంలో ఆదేశం సబబే. డబ్బాలో మొదటి పదార్థం నీళ్లయినప్పుడు నూటికి నూరు దేనికి వేసినట్టు?

'నో ప్రిజర్వేటివ్స్' చూసి మురిసిపోకండి. యాసెప్టిక్ టెట్రా ప్యాక్‌లో రసాన్ని వేడిచేసి, క్రిములు లేని పెట్టెలో మూస్తారు కాబట్టి ప్రిజర్వేటివ్ అసలు అక్కర్లేదు. 'నో యాడెడ్ షుగర్' అన్నప్పుడు చక్కెరకు బదులు నీళ్లు కలపని గాఢ రసంతో తీపి తెచ్చినా తప్పే. ఇక వేడిచేసిన రసానికి 'ఫ్రెష్' అన్న మాటే చెల్లదు. బ్రాండ్ పేరులోనే అలాంటి మాట ఉంటే, అది ఉత్త పేరేనని కనీసం 3 మి.మీ. అక్షరాల్లో రాయాలి. అది ఎక్కడుందో వెతకండి, కాసేపు కాలక్షేపం.

గ్యాస్ ఉన్న ఫ్రూట్ డ్రింకులు కొనే ముందు బిల్లు చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గ్యాస్ లేనివాటికి జీఎస్టీ 5 శాతం, ఉన్నవాటికి 40 శాతం.

అన్నిటికన్నా ప్రమాదకరమైన లేబుల్ మాత్రం మెడికల్ షాపులో దొరికేది: పేరులో 'ఓఆర్ఎస్' తగిలించుకున్న ఫ్రూట్ డ్రింక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరు ఓఆర్ఎస్‌కు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. మామూలు ఫ్రూట్ డ్రింక్‌లో ఒక్క చక్కెరే లీటరుకు 100 గ్రాములు దాటుతుంది. విరేచనాలవుతున్న పిల్లలకు అంత తీపి పోస్తే పేగులోకి నీళ్లు లాగి నీరసం ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి డ్రింకుల మీద 'ఓఆర్ఎస్' అన్న మాట వాడొద్దంది. ఓఆర్ఎస్ పొడి పొట్లమే అడగండి, 'డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా' అని ఉందో లేదో చూసి తీసుకోండి.

లేబుల్ తేడాగా కనిపిస్తే ప్యాకెట్ పారేయొద్దు. ముందు వైపు, పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తేదీ, 14 అంకెల లైసెన్స్ నంబరు విడివిడిగా ఫోటో తీసి, బిల్లుతో కలిపి 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో పెట్టండి, లేదంటే 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. బ్యాచ్ నంబరు లేని ఫిర్యాదు ముందుకు కదలడం కష్టం. ఆ నంబరు సాధారణంగా డబ్బా మూత దగ్గరో అడుగునో ఉంటుంది, తడి తగిలితే చెరిగిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టకముందే ఫోటో తీయండి.