నెల్లూరులో సుషీ: చేప కంటే ముందు అన్నం సంగతి అడగండి

మాగుంట లేఅవుట్‌లో అయినా, మినీ బైపాస్ మీద అయినా, ఏషియన్ అని బోర్డు పెట్టిన హోటల్ మెనూలో సుషీ కనబడగానే చాలామంది ఏం చేప వేస్తారని అడుగుతారు. దానికంటే ముందు ఏ బియ్యం వండుతున్నారో అడగాలి. సుషీ అంటే వెనిగర్ కలిపిన అన్నం. చేప లేకుండా దోసకాయతో చుట్టినా అది సుషీయే.

మన వైపు మంచి అన్నమంటే పొడిపొడిగా, మెతుకుకు మెతుకు విడిపోవాలి. మొలకొలుకుల బియ్యానికి అంత మంచి పేరు వచ్చింది అందుకే. సుషీకి కావాల్సింది దీనికి పూర్తిగా ఎదురు: పొట్టిగా, గుండ్రంగా ఉండే జపాన్ రకం బియ్యం. సోనా మసూరితో చేస్తే ముద్ద నిలవదు. నిలబెట్టాలని నీళ్లు ఎక్కువ పోసి వండితే జావలా అయిపోతుంది. సరైన పద్ధతిలో బియ్యాన్ని నీళ్లు తేరేదాకా కడిగి, అరగంట నానబెట్టి, ఒకటికి ఒకటింబావు మించకుండా నీళ్లు పోసి వండుతారు. 400 గ్రాముల బియ్యానికి సుమారు 60 మిల్లీలీటర్ల రైస్ వెనిగర్, 25 గ్రాముల చక్కెర, 7 గ్రాముల ఉప్పు చాలు. వేడి మీదే అన్నం వడ్డించే హస్తంతో కోసినట్టు కలుపుతూ విసనకర్రతో ఆర్చాలి. రైస్ వెనిగర్ బదులు కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ పోస్తే మొదటి ముక్కకే పులుపు గొంతులో గుచ్చుకుంటుంది.

ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు అన్నం గోరువెచ్చగా, ఒంటి వేడితో ఉండాలి. చల్లగా, పలుకుగా తగిలితే ముందే చుట్టి ఫ్రిజ్‌లో పెట్టిందే. చల్లదనానికి అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుపోతుంది, మళ్లీ బయట పెట్టినా మెత్తబడదు. పైన చుట్టిన నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) సంగతి అప్పడంతో సమానం. సముద్రపు గాలి తగిలే ఊళ్లో డబ్బా మూత సరిగా పెట్టకపోతే సాయంత్రానికి సాగుతుంది. నోరి బయటికి ఉండే రోల్ కొరికితే పుటుక్కున తెగాలి. పళ్లతో లాగాల్సి వస్తే ఆ పూటకి ఇంకో ప్లేటు చెప్పకండి.

ఇక పచ్చి చేప. మైపాడులో తెల్లారి పడవ దిగిన చేప పులుసుకు అమృతం. అంత తాజాగా ఉన్నా పచ్చిగా తినడానికి అది పనికిరాదు. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు. అది చావాలంటే చేపను మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచాలి. మైనస్ 35లో గట్టిగా గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచినా సరిపోతుంది. మామూలు డీప్ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఆగుతుంది. "ఈరోజే తెచ్చాం సార్, ఫ్రెష్" అన్న జవాబు వస్తే వద్దనేయండి. "గడ్డకట్టించిన సాల్మన్, ఫలానా కంపెనీ ప్యాకెట్" అని చూపిస్తే ఆలోచించొచ్చు. ఆ ముక్కలోంచి నీరు కారుతూ వేలికి మెత్తగా దిగబడితే మాత్రం ఒకసారి కరిగించి మళ్లీ గడ్డకట్టించి ఉండొచ్చు. కొరమీను, బొచ్చె లాంటి మంచినీటి చేపలు ఎవరు పెట్టినా పచ్చిగా తినకండి.

మా సలహా సూటిగా చెప్తే, నెల్లూరులో రొయ్య సుషీ తినండి. ఎబీ అనే ఈ రకంలో రొయ్యను ఉడికించే వేస్తారు, పురుగు భయం లేదు. పైగా జిల్లా అంతా వనామీ రొయ్యల చెరువులే, ఇక్కడ మంచి రొయ్య దొరకలేదనడానికి ఏ హోటలుకూ సాకు లేదు. 30 కౌంట్ నుంచి 40 కౌంట్ లోపుదైతే (అంటే కిలోకి 30-40 రొయ్యలు తూగేది) ముక్క నిండుగా కప్పుతుంది. వంకర తిరగకుండా పొట్ట వైపు పొడుగునా వెదురు పుల్ల గుచ్చి, రెండు నిమిషాలు ఉడికించి, ఐసు నీళ్లలో వేయాలి. ఎక్కువ ఉడికితే రబ్బరులా సాగుతుంది. పిండిలో ముంచి వేయించే టెంపురాలో 80 కౌంట్ చిన్న రొయ్యను మందపాటి పిండిలో దాచేవాళ్లుంటారు. ముందు ఒక్కటి విరిచి చూడండి. పూత పల్చగా పెళుసుగా ఉండి, నూనె కాగితానికి పెద్దగా అంటకూడదు.

క్యాలిఫోర్నియా రోల్‌లో క్రాబ్ స్టిక్ పీతమాంసం కాదు. చేపను రుబ్బి, పిండి, తరచుగా గుడ్డు తెల్లసొన కలిపి చేసింది. కార్తీక మాసంలో నీసు మానేసేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: మీసో సూప్‌కి వాడే దాషీ నీళ్లు చాలావరకు ఎండుచేపతో కాచినవే. దోసకాయ రోల్ అయితే ఇబ్బంది లేదు.

ఇవే హోటళ్ల మెనూలో ఉండే థాయ్ కూరల్లో వంటవాడి పట్టు తెలిసేది వాసనతోనే. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం (అల్లంలా ఉండే దుంప, గలాంగల్) వాసన రావాలి. అల్లం వాసన ఒక్కటే వచ్చి, కార్న్‌ఫ్లోర్ చిక్కదనం ఉంటే అది కొబ్బరిపాల కుర్మా కిందే లెక్క. ఫ్రైడ్ రైస్ తినేవాళ్లు వంటవాడు ఒక దఫాకు ఎన్ని ప్లేట్లు వేస్తున్నాడో చూడండి. ఎనిమిది ప్లేట్ల అన్నం ఒకే బాణలిలో పోస్తే అది వేగదు, ఆవిరికి ఉడుకుతుంది.

పచ్చి సాల్మన్, ట్యూనా తప్పదనుకునేవాళ్లకు చెన్నై ఉంది, దాదాపు 175 కిలోమీటర్లు. అక్కడి కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే జపాన్, కొరియా వాళ్ల కోసం పెట్టిన హోటళ్లలో సరుకు రోజూ కదులుతుంది, నిలవ ఉండదు.

పార్సిల్ అయితే రొయ్య, దోసకాయ రకాలే చెప్పండి. సోయా సాస్, వసాబి అనే ఘాటు ముద్ద విడిగా కట్టించుకుని అరగంటలో తినేయండి. మే నెలలో అదీ వద్దు, హోటల్లోనే కూర్చోండి. బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి.