పాత జీపు బేరింగులు: పన్నెండేళ్ల వాడకం తర్వాత

మా బాపు నడిపిన మహీంద్రా సీజే-3బీ జీపు నా చేతికొచ్చి పన్నెండేళ్లైంది. ముందు హబ్బుల్లో (చక్రాల నడిమి భాగాల్లో) రెండేసి చొప్పున వేయించిన టేపర్ రోలర్ బేరింగుల మొదటి సెట్టు నెల కూడా నిలవలేదు. బిగించిన మెకానిక్ "లూజుంటే చక్రం ఊగుతది అన్నా" అంటూ పానాకు పైపు తొడిగి బలం కొద్దీ తిప్పాడు. హనుమకొండ నుంచి ములుగు చేరేసరికి హబ్బు మీద చెయ్యి పెట్టలేకపోయాను. విప్పితే గ్రీసు కరిగి కారిపోయింది, రోలర్లు నీలం రంగుకు తిరిగాయి. ఆ రోజు చాలా బాధపడ్డాను.

తప్పు బేరింగుది కాదు. కోను (బేరింగు లోపలి రింగు), కప్పు (బయటి రింగు) ఏటవాలుగా ఉంటాయి కాబట్టి నట్టు కొంచెం తిప్పినా లోపలి సందు మారిపోతుంది. 1898లో హెన్రీ టిమ్కెన్ పేటెంటు పొందిన ఈ రకం బేరింగులో నాకు బాగా నచ్చేది ఇదే: కాస్త అరిగినా సందు సరిచేసుకోవచ్చు. కాకపోతే ఎంత వదలాలో మనమే చూసుకోవాలి.

ఇప్పుడు ఈ జీపు అసలు డిజైన్ చేసిన విల్లీస్ కంపెనీ మాన్యువల్ పద్ధతే పాటిస్తున్నాను. చక్రం తిప్పుతూనే, అది పట్టేసేదాకా లోపలి నట్టు బిగించాలి. తర్వాత ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పాలి. చక్రం తిప్పకుండా నట్టు బిగిస్తే రోలర్లు తమ చోట సరిగా కూర్చోవు. ఆ పైన లాక్ వాషర్, బయటి నట్టు. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. బయటి నట్టు బిగిస్తే లోపలిది మరల్లో ఉన్న సందు మేర లోపలికి జరిగి, వదిలిన ప్లే, అంటే ఆ సందు, తగ్గిపోతుంది. మళ్లీ చక్రం తిప్పి చూసి, సరిగ్గా ఉంటేనే వాషర్ అంచు మడవాలి. నాకు ఒక్కో చక్రానికి రెండు మూడుసార్లు విప్పక తప్పదు.

టైరు పైనా కిందా పట్టి ఊపితే కదులుతోందా? ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. కదలిక ఆగితే బేరింగుది, ఆగకపోతే కింగ్ పిన్నుది, అంటే ముందు చక్రం పక్కకు మళ్లే కీలుది.

వెనక ఇరుసులో క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం, పినియన్, దాని బేరింగుల లెక్క వేరు. అక్కడ ప్లే అసలు ఉండకూడదు, ముందే కొంత ఒత్తిడి, అంటే ప్రీలోడ్ ఇవ్వాలి. యాక్సిలరేటర్ తొక్కితే ఒకవైపు, వదిలితే ఇంకోవైపు పినియన్ తోసుకుపోతుంది. పినియన్ చోటు కదిలిందంటే క్రౌన్ పళ్లతో సరిగా కలవక కూత పెడతాయి. షిమ్ము (పల్చటి రేకు వాషరు) తీస్తే ఒత్తిడి పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. ఆయిల్ సీల్ వేయకముందే పినియన్ చివర ఉండే ఫ్లాంజి అనే బిళ్లకు తాడు చుట్టి స్ప్రింగ్ కాటాతో లాగి, తిరగడానికి ఎంత బలం పడుతోందో చూసే మెకానిక్ దొరికితే వదులుకోకండి. ఈ పని మాత్రం నేను సొంతంగా చేయను.

ముందు హబ్బుల్లో రెండో సెట్టు పదకొండేళ్లు దాటింది. తాడ్వాయి వైపు వాగులు దాటిన ప్రతి వానాకాలం తర్వాత విప్పుతాను. గ్రీసు పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీసు రోలర్ల మధ్యకు చేత్తో ఎక్కిస్తాను. మొన్న కార్తీకంలో ఎడమవైపు బయటి బేరింగు కప్పులో గోరుకు తగిలే చార కనిపించింది. కోనుతో సహా మార్చాను. మిగతా మూడు బేరింగులు అవే నడుస్తున్నాయి.