కారు ఆగే చోటు చూసి బస కుదుర్చుకోండి: కౌలాలంపూర్, సింగపూర్, హనోయి, హోయిఆన్ అనుభవాలు

ఆగ్నేయాసియాకు మొదటిసారి వెళ్లే మనవాళ్లు చాలామంది విమానం దిగగానే అలవాటు కొద్దీ ఉబర్ తెరుస్తారు. అందులో ఒక్క కారూ కనిపించదు. ఉబర్ 2018 మార్చిలోనే అక్కడి వ్యాపారాన్ని గ్రాబ్‌కు అప్పగించి వెళ్లిపోయింది. 2012లో కౌలాలంపూర్‌లో మైటెక్సీ పేరుతో మొదలైన గ్రాబ్‌దే ఇప్పుడు ఆ ప్రాంతంలో పైచేయి. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని నేనూ మా ఆవిడా మలేషియా, సింగపూర్, వియత్నాం తిరిగినప్పుడు ఊళ్లలో ప్రయాణమంతా దాదాపు ఇలాంటి యాప్‌లతోనే నడిచింది. ఛార్జీల గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం కారు ఎక్కడిదాకా రాగలదు, మనం ఎక్కడ నిలబడాలి అన్నదే అంతకన్నా ముఖ్యమనిపించింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే యాత్ర సుఖంగా సాగడం, సాగకపోవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

యాప్‌ను ఇంటి దగ్గరే, మన భారతీయ నంబరుతోనే నమోదు చేసుకోండి. కార్డు కూడా ఇక్కడే జత చేయండి, ఎందుకంటే బ్యాంకు పంపే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. 2020 తర్వాత ఇచ్చిన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆపి ఉంటాయి కాబట్టి బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మనమే తెరవాలి. చాలా కార్డుల మీద విదేశీ చెల్లింపులకు 3.5 శాతం దాకా అదనపు రుసుము పడుతుంది. అందుకే మేము మలేషియా, వియత్నాంలలో ఎక్కువగా నగదే ఇచ్చాం. యాప్‌లో నగదు అని ముందే ఎంచుకుంటే చాలు, డ్రైవర్లు మొహం చిట్లించరు.

కౌలాలంపూర్ విమానాశ్రయం ఊరికి సుమారు 55 కిలోమీటర్ల దూరం. కేఎల్‌ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటో టెర్మినల్ నుంచి 28 నిమిషాల్లో ఊళ్లోని ప్రధాన రైల్వే స్టేషను కేఎల్ సెంట్రల్‌కు చేరుస్తుంది. టికెట్టు మనిషికి 55 రింగిట్లు. నలుగురికీ కలిపి 220 రింగిట్లు పెట్టి, అక్కడ దిగి సామాను ఈడ్చుకుంటూ మళ్లీ కారెక్కడం కన్నా నేరుగా గ్రాబ్‌లో వెళ్లడమే మేలు. టోల్‌తో కలిపినా అందులో సగం కూడా కాలేదు. ఒంటరిగా వెళ్లేవారికి రైలో, అంతకన్నా చవకైన బస్సో సరిపోతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. అక్కడ తిరిగేవి ఎక్కువగా పెరొడువా బెజ్జా, ఆక్సియా, ప్రోటాన్ సాగా లాంటి చిన్న కార్లు. నలుగురు మనుషులు, నాలుగు పెద్ద సూట్‌కేసులు వాటిలో పట్టే ప్రశ్నే లేదు. ఆరు సీట్ల కారు ఎంచుకోండి. వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలి, అక్కడ 2009 నుంచీ అది చట్టం.

బస విషయంలో బుకిత్ బింతాంగ్, బ్రిక్‌ఫీల్డ్స్ అనే రెండు పేటలూ చూశాం. తిండికీ, షాపింగుకీ బుకిత్ బింతాంగ్ బాగుంటుంది. అయితే సాయంత్రమైతే రోడ్లు స్తంభించిపోతాయి. జలాన్ అలోర్ తిండి వీధి పక్కన బస చేసేవారు రాత్రి కారు కోసం మూల దాకా నడవక తప్పదు. కేఎల్ సెంట్రల్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్ అమ్మానాన్నలకు హాయిగా అనిపించింది. ఇడ్లీ, దోసె, పూలు, పళ్లు అన్నీ గుమ్మం ముందే దొరుకుతాయి. కొండ గుహలో మురుగన్ (మన సుబ్రహ్మణ్యస్వామి) గుడి ఉన్న బాటు గుహలకు (Batu Caves) అక్కడి నుంచి కేటీఎం కొమ్యూటర్ రైలు నేరుగా వెళ్తుంది కనుక కారు అవసరమే లేదు. నాన్న గుడికి వెళ్లే 272 మెట్లు ఎక్కలేక కిందే 140 అడుగుల మురుగన్ విగ్రహం ముందు కూర్చున్నారు. రైల్వే స్టేషను అక్కడికి కూతవేటు దూరం కాబట్టి ఎండలో కారు కోసం ఎదురుచూసే బాధ తప్పింది.

కౌలాలంపూర్ మాల్స్‌కు ద్వారాలు అనేకం. యాప్ వాటి పేర్లన్నీ చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. ఆ పేరు, మనం నిలబడ్డ ద్వారం మీద ఉన్న పేరు ఒకటేనని చూసుకున్నాకే బుక్ చేయాలి. మన హైదరాబాద్‌లో బుక్ చేయగానే డ్రైవర్ ఫోన్ చేసి ఎక్కడికి వెళ్లాలి, క్యాషా ఆన్‌లైనా అని అడుగుతాడు. అక్కడ డ్రైవర్లు ఫోన్ చేయడం అరుదు. చెప్పిన ద్వారానికి వచ్చి కాసేపు ఆగుతారు, మనం లేకపోతే రద్దు చేసుకుని వెళ్లిపోతారు.

సింగపూర్‌లో మాకు ఈ యాప్‌ల అవసరం పెద్దగా పడలేదు. ఎంఆర్‌టీ అనే మెట్రో రైళ్లు, లిఫ్టులు, నీడనిచ్చే కాలిబాటలు పెద్దవాళ్లకు కూడా అనుకూలంగా ఉన్నాయి. వాన పడితే మాత్రం యాప్ ఛార్జీలు అమాంతం పెరుగుతాయి. 1.35 మీటర్ల కన్నా పొట్టిగా ఉండే పిల్లలు వెంట ఉంటే, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లలో వారికి తగిన సీటు ఉండి తీరాలి. మామూలు టాక్సీలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. చంటిపిల్లలతో వెళ్లేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అసలు పరీక్ష వియత్నాంలో. హనోయి పాత బస్తీలోని హోటళ్లు ముచ్చటగా, చవకగా ఉంటాయి. కానీ హోన్ కియెమ్ సరస్సు చుట్టుపక్కల వీధులను శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా నడిచేవాళ్లకే వదిలేస్తారు. ఆ వేళల్లో కారు అక్కడికి రాదు. ఈ పద్ధతి 2016 నుంచి ఉంది. ఊరి సొగసంతా ఆ వీధుల్లోనే, ఆ సాయంత్రాల్లోనే ఉన్న మాట నిజం. కానీ మేము దిగేది శుక్రవారం రాత్రి. అందుకే పాత బస్తీకి కాస్త వాయవ్యంగా, ట్రుక్ బాక్ సరస్సు వైపు హోటల్ తీసుకున్నాం. కారు గుమ్మం ముందే ఆగింది. సరస్సు దగ్గరి సంబరాన్ని మరునాడు తీరిగ్గా వెళ్లి చూసివచ్చాం.

నోయి బాయి విమానాశ్రయంలో బయటికి రాగానే కొందరు చుట్టుముడతారు. ఫోనులో గ్రాబ్ యాప్‌లాంటి ఆకుపచ్చ తెర చూపించి, మీ గ్రాబ్ నేనే అంటారు. యాప్‌లో ఉన్న నంబరూ, కారు మీది నంబరూ అక్షరం తేడా లేకుండా కలిస్తేనే ఎక్కండి. మేము విమానాశ్రయం నుంచి వెళ్లింది సాన్ ఎస్‌ఎం కారులో. విన్‌ఫాస్ట్ ఎలక్ట్రిక్ కార్లతో 2023 ఏప్రిల్‌లో హనోయిలోనే మొదలైన సేవ అది. నెమలికంఠం రంగు కార్లు, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. లోపల పెట్రోలు వాసన గానీ ఇంజను మోత గానీ లేకపోవడంతో, కారెక్కితే వాంతులయ్యే అమ్మ దారి పొడవునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఈ యాత్రలో వాడిన అన్ని సేవల్లో నా ఓటు దీనికే. ఊరికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరానికి మూడు లక్షల డాంగ్‌లు, అంటే మన వెయ్యి రూపాయలు అటూఇటూ అయింది. మా హోటల్ వాళ్లు తామే కారు పంపుతామని చెప్పిన ధర దీనికి రెట్టింపు.

భాష రాదని బెంగ పడక్కర్లేదు. గ్రాబ్‌లో డ్రైవర్ వియత్నామీస్‌లో పంపిన సందేశాన్ని యాప్ అక్కడికక్కడే ఇంగ్లిషులోకి మార్చి చూపిస్తుంది. ఒక సాయంత్రం మేము ఒక కూడలికి ఇవతల, కారు అవతల ఉండిపోయాం. డ్రైవర్ తాను ఆగిన మందుల షాపు ఫొటో తీసి పంపించాడు. మేము మా వెనక ఉన్న కాఫీ దుకాణం బోర్డు ఫొటో పంపాం. రెండు నిమిషాల్లో కారు చుట్టు తిరిగి మా ముందుకు వచ్చేసింది.

నగదు ఇచ్చేటప్పుడు మాత్రం వెలుతురులో చూసి ఇవ్వండి. ఇరవై వేల డాంగ్‌ల నోటు, అయిదు లక్షల నోటు రెండూ నీలి ఛాయలోనే ఉంటాయి. రాత్రిపూట కారు లోపలి గుడ్డి దీపం కింద తేడా పోల్చుకోవడం కష్టం. మా ఆవిడ పెద్ద నోట్లను వేరే సంచిలో పెట్టి, కారు ఖర్చుకు చిన్న నోట్లే చేతిలో ఉంచింది.

హనోయి తర్వాత మా మజిలీ మధ్య వియత్నాంలోని హోయిఆన్. దనాంగ్ విమానాశ్రయం నుంచి అది సుమారు 30 కిలోమీటర్లు. యాప్ కార్లు కొల్లలుగా దొరుకుతాయి. హోయిఆన్ పాత పట్నంలోకి కూడా రోజులో చాలా గంటలు మోటారు వాహనాలను రానివ్వరు. అంచున, పది నిమిషాల నడక దూరంలో ఉన్న హోంస్టే మాకు సరిగ్గా కుదిరింది. ధర తక్కువ, కారు గుమ్మం దాకా వస్తుంది, లాంతర్ల వీధులకు నడిచి వెళ్లొచ్చు.

‘మీ సన్’ (My Son) అనే చోటు చూడకుండా మాత్రం రావద్దు. ఆ ప్రాంతాన్ని ఒకప్పుడు ఏలిన చామ్ రాజులు 4వ శతాబ్దం నుంచి కట్టిన శివాలయాల సముదాయం అది. భద్రేశ్వరుడి పేరు, సంస్కృత శాసనాలు అంత దూరాన కనిపిస్తుంటే నాన్న ఎండను కూడా లెక్కచేయలేదు. హోయిఆన్ నుంచి 40 కిలోమీటర్ల దూరంలో కొండల మధ్య ఉంది. పోవడానికి యాప్‌లో కారు దొరుకుతుంది గానీ, తిరిగి రావడానికి దాన్ని నమ్ముకోకూడదు. ముందు రోజే హోంస్టే యజమానురాలి ద్వారా రానూపోనూ కారు మాట్లాడుకున్నాం. ఎన్ని గంటలు ఆగాలో, పార్కింగు ఎవరు కట్టాలో తేల్చుకుని కాగితం మీద రాయించుకున్నాం. డబ్బు మొత్తం తిరిగి వచ్చాకే ఇచ్చాం.