కొత్త బలం వేటకు వజ్రమా, రుబీడియం ఆవిరా?

నల్లగొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలు ఈ ప్రశ్న అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: ఎంత దూరంలో వెతుకుతారు? ఆక్సియాన్ (ఇంకా ఎవరికీ దొరకని ఊహా కణం) లాంటి తేలికపాటి కణం ఉంటే స్పిన్‌ల (కణాలకు ఉండే చిన్న అయస్కాంతం లాంటి గుణం) మీద పనిచేసే కొత్త బలం పుడుతుందని 1984లో భౌతిక శాస్త్రవేత్తలు మూడీ, విల్చెక్ చూపించారు. ఆ కణం బరువు పెరిగేకొద్దీ బలం అందే దూరం తగ్గుతుంది.

సెంటీమీటర్లు, ఆపైన అయితే ఆవిరిదే పైచేయి. గాజు సీసాలో వేడిచేసిన రుబీడియం అనే లోహపు పరమాణువుల స్పిన్‌లను లేజర్‌తో ఒకే దిక్కుకు తిప్పుతారు. కొత్త బలం ఉంటే అది అయస్కాంత క్షేత్రంలాగే ఆ స్పిన్‌లను కదిలిస్తుంది. మంచి పరికరం ఫెమ్టోటెస్లా స్థాయి అయస్కాంత మార్పును పసిగడుతుంది. అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో వేల కోట్ల వంతు! కానీ గాజు గోడ అడ్డం, మైక్రోమీటర్ల దగ్గరికి పోలేం.

అక్కడే నాకు వజ్రం నచ్చుతుంది. అందులో ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్, పక్కనే ఒక ఖాళీ. ఆకుపచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది, 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ దగ్గర అక్కడి ఎలక్ట్రాన్ స్పిన్ మారి ఆ వెలుగు తగ్గుతుంది. స్పిన్ మీద ఏదైనా క్షేత్రం పనిచేస్తే ఆ ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. 2018లో చైనా పరిశోధకులు ట్యూనింగ్ ఫోర్క్‌కు అతికించిన గాజు అర్ధగోళాన్ని ఇలాంటి ఒకే ఒక్క స్పిన్ పక్కన ఊపి చూశారు. కొత్త బలం కనబడలేదు గానీ, మైక్రోమీటర్ల దూరంలో అది ఎంతకు మించి ఉండదో తేలింది.

మన దగ్గర వజ్రానికి అసలు టెన్షన్ మే నెల ఎండ. గది ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆ ఫ్రీక్వెన్సీ సుమారు 74 కిలోహెర్ట్జ్ జారుతుంది. ముందు ఉష్ణోగ్రతను కట్టడి చేయండి, తర్వాతే కొలతలు.