యాకోబు బావి మీద మూడు రోజుల తరగతి: వెళ్లవచ్చా?

నల్లగొండలో ఈ మధ్య ఒక బైబిలు తరగతికి మూడు రోజులు వెళ్లి వచ్చాను. పాఠం యోహాను సువార్త నాలుగో అధ్యాయం, యాకోబు బావి దగ్గర యేసు దాహానికి నీళ్లు అడిగిన సమరయ స్త్రీ కథ. రుసుము 300 రూపాయలు. మూడు పూటల భోజనం, 24 పేజీల నోట్సు అందులోనే. మళ్లీ పెడితే వెళ్లవచ్చా అని మా సంఘంలో కొందరు అడుగుతున్నారు కనుక రాస్తున్నాను.

ముందే చెప్పాలి, నేను పాస్టరును కాను. గ్రామీణ నీటి సరఫరాలో నీటి పరీక్షలు చేసి రిటైరైనవాడిని. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లూ చేదబావులూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేవాడిని. బావి కథ అంటే నాకు మిగతావాళ్లకంటే పట్టింపు ఎక్కువ.

మొదటి రోజు చాలా బాగుంది. బోధకుడు చిన్నవాడే అయినా చదువుకుని వచ్చారు. మూడో అధ్యాయంలో నికోదేము రాత్రిపూట యేసు దగ్గరికి వస్తాడు, పేరున్నవాడు, పెద్ద బోధకుడు. నాలుగో అధ్యాయంలో ఈమె పట్టపగలు వస్తుంది, పేరు కూడా రాయలేదు. నికోదేము ఏం తేల్చుకున్నాడో ఆ అధ్యాయంలో తెలియదు. ఈమె మాత్రం కుండ అక్కడే వదిలేసి వెళ్లి ఊరిని వెంటబెట్టుకొచ్చింది. రెండు అధ్యాయాలను అలా పక్కపక్కన పెట్టి చదవడం నాకు ఇంతవరకు తట్టలేదు. ఆ బావి ఇప్పటికీ పాలస్తీనాలోని నాబ్లుస్ దగ్గర ఒక గ్రీకు ఆర్థడాక్స్ చర్చి లోపల ఉందనీ, నూరడుగులకు పైగా లోతనీ చెప్పి, ఒక తాడు చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. “చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదే” అని ఆమె ఎందుకు అన్నదో ఆ తాడు చూస్తే తెలిసింది.

రెండో రోజు దారి తప్పింది. పొద్దుటి నుంచి భోజనం దాకా ఆమెకు అంతకుముందున్న ఐదుగురు భర్తల మీదే. ఆమె సిగ్గుతో మధ్యాహ్నం వచ్చిందన్నారు. వాక్యంలో ఉన్నది ఇంచుమించు పన్నెండు గంటలైందని మాత్రమే. సిగ్గు సంగతి అందులో లేదు. ఐదుగురు చనిపోయారో, వదిలేశారో కూడా లేదు. ఇక పాపము చేయకుము అని యేసు ఈమెతో అననూ లేదు, ఆ మాట ఉన్నది వేరే అధ్యాయాల్లో. మా ఉద్యోగంలో దీన్ని పరీక్ష చేయకుండా రిపోర్టు రాయడం అంటారు.

మధ్యాహ్నం ఇంకొంచెం ముందుకు వెళ్లారు. మన జిల్లా ఫ్లోరైడ్ నీళ్లను పాపానికి పోల్చారు. హాయిగా తాగుతాం, ఎముకలు వంగిపోతాయి అన్నారు. చాలామంది ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మందు చుక్కలు వేసినప్పుడు గులాబీ రంగు పసుపుకు తిరిగితే తప్ప మాకే తెలిసేది కాదు. రాళ్లలో ఉన్నది నీళ్లలోకి దిగింది. నడుము వంగినవాళ్లు చేసిన తప్పేమిటి? దాహం వేసి తాగారు.

అసలు విషయం నోట్సు పదకొండో పేజీలో ఉంది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరన్న మాటకు, వాళ్లతో ఒకే పాత్ర వాడరనే అర్థం కూడా చెప్పవచ్చునని అచ్చు వేశారు. దాని మీద ఒక్క నిమిషం కూడా ఆగలేదు. మా నాయనమ్మ ఊరి బావి గట్టు ఎక్కేది కాదు. కింద బిందె పెట్టుకుని, ఎవరైనా చేది పోస్తారేమోనని నిలబడేది. పోసేవాళ్లు తమ బొక్కెన ఆమె బిందెకు తగలకుండా ఎత్తి పోసేవారు. ఇక్కడ చూస్తే కుండ ఆమెది, దాహం ఆయనది. ఆమె కుండలోంచి తాగుతానని అడిగినవాడు ఆయన. మనం సువార్త పేరిట బియ్యం, దుప్పట్లు ఇచ్చి వస్తాం. ఆ ఇంట్లో మంచినీళ్లు అడుగుతామా?

నా సంగతీ ఏమంత గొప్పగా లేదు. పరీక్షకు వెళ్లిన ఊళ్లలో చెంబుతో నీళ్లిస్తే “ఇప్పుడే తాగానమ్మా” అని అబద్ధమాడేవాడిని. నా సంచిలో పట్టణం నుంచి తెచ్చుకున్న సీసా ఉండేది. అక్కడ కూర్చున్నంతసేపూ ఆ సీసాయే గుర్తొచ్చింది.

మూడో రోజు ప్రశ్నలకు సమయం ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచి, “అయ్యగారూ, ఇంతకీ ప్రభువు నీళ్లు తాగాడా?” అని అడిగింది. ఆయన బైబిలు తెరిచి కాసేపు వెతికి, రాయలేదమ్మా అన్నారు. “అంత ఎండలో అడిగితే ఇవ్వకుండా ఉంటుందా” అని ఆమె కూర్చుంది. మూడు రోజుల్లో నేను నోట్సులో నా చేత్తో రాసుకున్నది ఆ ఒక్కటే.

భోజనం పప్పు, వంకాయ కూర, మజ్జిగ. రుచికి వంక పెట్టలేను. రెండో రోజు గంటన్నర ఆలస్యమైతే, “మీకు తెలియని ఆహారము నాకున్నది” అన్న వచనం మైకులో చదివారు. నవ్వు రాలేదు, నాకు షుగరు ఉంది. ఫ్యాన్లు చాలవు, అక్షరాలు చిన్నవి, కళ్లద్దాలు మరిచిపోవద్దు.

వచ్చేసారి జక్కయ్య కథ అట. నేను వెళ్తాను, మొదటి రోజు చెప్పినట్టు చెబితే 300 ఎక్కువేమీ కాదు. మీరు వెళ్తే మాత్రం నీళ్ల సీసా తీసుకెళ్లండి. యాకోబు బావి మీద పాఠం జరుగుతుండగానే రెండో రోజు మధ్యాహ్నానికి క్యాన్ ఖాళీ అయింది, మళ్లీ నింపలేదు.