రెండు బోల్టుల కోసమైనా ఈ విల్లు కొనొచ్చు

ఈ 62 అంగుళాల టేక్‌డౌన్ (విడదీసి బిగించుకునే) వేట విల్లు చెక్క నునుపు గురించి అందరూ రాస్తారు. విజయవాడ ఎండల్లో, వానల్లో కొన్నేళ్లుగా వాడుతున్న నాకు మాత్రం దీని ప్రాణమంతా రైజర్‌కి, అంటే మధ్యలో పట్టుకునే చెక్కకి, ఉన్న ఆ రెండు బోల్టుల్లోనే ఉంది. చేత్తో విప్పితే లింబ్స్, అంటే పైనా కిందా వంగే బద్దలు, ఊడొస్తాయి, లాగడానికి ఇంకో బరువు పట్టేవి బిగించుకోవచ్చు. ఆ వీలు లేకపోతే ఇది ఈపాటికి అటకెక్కేది.

వేట విల్లు అనగానే షాపులో లాగే బరువు 40 పౌండ్లకు తక్కువది చూపించలేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో జింకను కొట్టాలంటే విల్లు కనీసం 40 పౌండ్లు ఉండాలని రూలు. మనకు 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కొట్టేది ఫోమ్ టార్గెట్‌ని. ఫోమ్‌కి 40 ఎందుకండీ? పైగా అది 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. నావి పొడుగు చేతులు, 30 దాకా లాగుతాను. అంగుళానికి రెండు మూడు పౌండ్ల చొప్పున వేళ్ల మీద పడేది దాదాపు 45. నారి చెంప దాకా రాకముందే భుజం వణికేది.

అసలు తంటా వేరే. కొన్నరోజు షాపతను స్ట్రింగర్ తాడు వాడకుండా, విల్లు మధ్యలోకి కాలు దూర్చి తొడకు ఆనించి వంచి నారి ఎక్కించాడు. అప్పుడే కింది లింబ్ మెలిపడిందని నా అనుమానం. బాణాలు ఒకచోట పడేవి కావు. వేళ్లు మార్చాను, బాణాలు మార్చాను. చివరికి గ్రౌండులో ఒక పెద్దాయన విల్లు తీసుకుని, కొసన కన్ను పెట్టి చూసి, "బాబూ, నారి లింబ్ మధ్యలో ఉండాలి, ఇది అంచుకి పోయింది చూడు" అన్నారు. ఆయన చెప్పినట్టే స్నానానికి కాచే వేడి నీళ్లు లింబ్ మీద పోసి, మెలికి ఎదురు తిప్పి చల్లారేదాకా పట్టుకున్నాను. కొన్ని సాయంత్రాలు అదే పని. నారి చాలావరకు మధ్యకు వచ్చింది గానీ పూర్తిగా రాలేదు. షాపులో అడిగితే వారంటీ వర్తించదన్నారు.

అప్పుడు 25 పౌండ్ల లింబ్స్ ఒక్కటే కొన్నాను. విల్లు ధరలో సగం కూడా కాలేదు. ఇప్పుడు చీకటి పడేదాకా వేసినా భుజం నొప్పెట్టదు, 15 మీటర్లలో బాణాలు అరచెయ్యంత చోట పడుతున్నాయి. లింబ్స్ మారిస్తే సరిపోతుందన్నట్టు రాశాను గానీ, బాణాలూ మార్చాలి. 40కి సరిపోయిన 500 స్పైన్ బాణాలు (స్పైన్ అంటే బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె, తక్కువైతే గట్టి) దీనికి మరీ గట్టి, కుడిచేతి వాళ్లకి ఎడమకు పోతాయి. నేను 700కి మారాను, ఆ ఖర్చు వేరే.

బాణాలకు ఈకలే ఉండాలి, ప్లాస్టిక్ రెక్కలు బాణం ఆనే చెక్క షెల్ఫ్‌కి తగిలి బాణాన్ని తన్నేస్తాయి. ముసురు పడితే ఈకలు ముద్దవుతాయి. బ్యాగులో నలిగితే మాత్రం ఇడ్లీ పాత్ర ఆవిరి మీద తిప్పండి, లేచి నిలబడతాయి. ఇంట్లో వాళ్లు చూడకుండా.

నాకు దుగ్గిరాల దగ్గర బావగారి తోట ఉంది, మెడల్స్ మీద ఆశ లేదు కాబట్టి ఇది సరిపోయింది. పిల్లల్ని జ్యోతి సురేఖ, ధీరజ్ లాంటి ఆర్చర్లను చేద్దామనుకుంటే ముందు అకాడమీకి పంపండి, విల్లు సంగతి కోచ్ చెప్తారు. నా 40 పౌండ్ల జత అమ్ముదామంటే మెలి సంగతి చెప్పక తప్పదు, అందుకే ఇంకా బీరువాలోనే ఉంది.