ఒకే గదిలో రెండు లైసెన్సులు: పదమూడేళ్ల వాడకం తర్వాత

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఒక చిన్న గదిలో నా స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ నడుస్తోంది. కూర్చునేది ఇద్దరం. నేను, నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు నాతో సమానంగా డిజైన్లు చేస్తున్న ఒక యువ ఇంజనీరు. రెండు బల్లల మీదా ఒకే కంపెనీ డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్, అంటే డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది. నా యంత్రంలో ఉన్నది 2012లో ఒకేసారి డబ్బు కట్టి కొన్న శాశ్వత లైసెన్సు. అతని ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2017 సెప్టెంబరు నుంచి ఏటా కడుతున్న చందా. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఇన్నేళ్లు వాడిన అనుభవం కాబట్టి, కొత్తగా ఆఫీసు తెరిచేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను.

రెండోసారీ శాశ్వత లైసెన్సే కొందామనుకున్నాను. విశాఖ డీలరు అది ఇక అమ్మకానికి లేదన్నారు. అప్పటికే గాలి అటు తిరిగింది. అడోబీ 2013లో తన ప్రధాన సాఫ్ట్‌వేర్లను చందాకు మార్చింది. ఆటోక్యాడ్ అనే డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఆటోడెస్క్ 2016లో కొత్త శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపింది. ఆ తర్వాత ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. మేము వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా ఆ వరుసలో చేరింది.

ముందు డబ్బు సంగతి. నా ఖాతా పుస్తకంలో ఉన్న లెక్కే చెబుతాను. 2012లో లైసెన్సుకు పన్నులతో కలిపి 1,75,000 రూపాయలు కట్టాను. మొదటి మూడేళ్లు కొత్త వెర్షన్లు అందడానికి ఏటా 26,000 చొప్పున నిర్వహణ రుసుము కట్టి, తర్వాత మానేశాను. మొత్తం 2,53,000. ఆ తర్వాత దాని మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. చందా సంగతి వేరు. 2017లో 32,000తో మొదలై ప్రతి సెప్టెంబరులోనూ కొంత పెరుగుతూ 2024కు 56,000 అయింది. ఎనిమిది వాయిదాలు కలిపితే 3,39,000. దాని మీద 18 శాతం జీఎస్టీ. మా సేవల రాబడి ఏడాదికి 20 లక్షల లోపే కాబట్టి మేము జీఎస్టీ నమోదులో లేము. కట్టిన పన్ను వెనక్కి రాదు. అన్నీ కలిపి నాలుగు లక్షలు దాటింది. శాశ్వత లైసెన్సుకు మొత్తంగా అయిన ఖర్చును చందా ఆరో ఏడాదిలోనే మించిపోయింది.

చందాకు అనుకూలంగా చెప్పే వాదనలు నాకు తెలియనివి కావు. కొత్తగా ఆఫీసు పెట్టేవారి చేతిలో ఒకేసారి లక్షా డెబ్బై అయిదు వేలు ఉండవు. ముప్పై వేలతో మొదలుపెట్టగలగడం నిజమైన మేలు. ఆదాయపు పన్ను లెక్కలో చందా మొత్తాన్నీ ఆ ఏడాది ఖర్చుగానే చూపించుకోవచ్చు. కొన్న సాఫ్ట్‌వేర్ అయితే కంప్యూటర్ల కోవలో చేరి ఏటా 40 శాతం చొప్పున తరుగుదలగా రాసుకోవాలి. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ పని ఉన్న నెలకూ లేని నెలకూ చందా ఒకటే. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చినప్పుడు నెలల తరబడి ఒక్క కాలమ్ కూడా లేవలేదు. నిర్మాణాలన్నీ ఆగిపోయాయి. సెప్టెంబరు వచ్చేసరికి వాయిదా గుర్తుచేసే మెయిల్ వచ్చింది. చేబదులు తెచ్చి కట్టాను. కట్టకపోతే మా డ్రాయింగులు మేమే తెరవలేము కదా.

ధర కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 2018 అక్టోబరు. ఆ నెల 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. పలాస పరిసరాల్లో మేము డిజైన్ చేసిన జీడిపప్పు కర్మాగారాల షెడ్లు కొన్ని ఉన్నాయి. ఒకదానికి పైకప్పు రేకులు లేచిపోయి, పైకప్పును మోసే రెండు ట్రస్సులు వంగాయని కబురు వచ్చింది. మా ఇంజనీరు ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లాడు. అక్కడ కరెంటు లేదు, ఫోను సిగ్నల్ లేదు. జనరేటరు మీద ల్యాప్‌టాప్ నడిపించుకున్నాడు. మూడో రోజున సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. మా చందా సాఫ్ట్‌వేర్ ముప్పై రోజులకొకసారి ఇంటర్నెట్‌తో కలిసి తన లైసెన్సును సరిచూసుకోవాలి. ఆ గడువు సరిగ్గా అప్పుడే వచ్చి పడింది. చందా కట్టి నెల కూడా తిరగలేదు. అయినా తెర మీద కనిపించింది ఒక్క సైన్‌ఇన్ పెట్టె మాత్రమే. ఆ కుర్రవాడు పర్లిన్ల (రేకులను మోసే అడ్డకమ్మీల) దూరాలూ బోల్టుల స్థానాలూ కాగితం మీద గీసి, బస్సులో విజయనగరం వచ్చి నాకు ఇచ్చాడు. నేను 2012 యంత్రంలో డ్రాయింగు వేసి, ప్రింట్లు తీసి పంపాను. పైకప్పు లేక జీడిగింజల బస్తాలు తడుస్తున్న యజమానికి మా లైసెన్సు సంగతి ఎలా చెప్పగలం?

బయలుదేరే ముందు ఇంటర్నెట్‌తో కలిపి ఉంటే ఈ ఇబ్బంది రాకపోయేదని తర్వాత తెలిసింది. ఇప్పుడు తుఫాను హెచ్చరిక వినగానే మేము మొదట చేసే పని అదే.

దానికన్నా లోతైన విషయం ఇంకొకటి ఉంది. భవనం అయిదేళ్లతో అయిపోయేది కాదు. రాజాం వైపు ఒక రైస్ మిల్లుకు 2013లో డిజైన్ చేశాను. పోయిన ఏడాది దాని యజమాని వచ్చి, "ఇంజనీరు గారూ, పక్కన ఇంకో గోడౌన్ వేస్తాను, పాత ఫుటింగుల లోతు చెప్పండి" అన్నారు. ఫైలు తెరిచి, అయిదు నిమిషాల్లో లోతూ స్టీలు వివరాలూ చెప్పగలిగాను. ఆ పని చందాలో చేసి ఉండి, మధ్యలో నేను చందా మానుకుని ఉంటే, నా సంతకంతో బయటికి వెళ్లిన డ్రాయింగును తెరవడానికి నేనే మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చేది. ఉచితంగా చూపించే వ్యూయర్లు ఉన్నాయి. చూడటానికి సరే, మార్చడానికి పనికిరావు. అందుకే ఇప్పుడు ప్రతి పనికీ పీడీఎఫ్ కాపీ, బార్ బెండింగ్ షెడ్యూల్ (స్టీలు కడ్డీల కొలతల పట్టిక) ప్రింటు తీసి అట్టపెట్టెల్లో దాస్తున్నాము.

శాశ్వత లైసెన్సు నిజంగా శాశ్వతమా అంటే, ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదు. డ్రాయింగులు భద్రపరిచే డీడబ్ల్యూజీ ఫైలు ఫార్మాట్ 2013లోనూ 2018లోనూ మారింది. విశాఖ ఆర్కిటెక్టులు కొత్త ఫార్మాట్‌లో పంపే ప్లాను నా పాత వెర్షన్‌లో తెరుచుకోదు. "పాత ఫార్మాట్‌లో సేవ్ చేసి మళ్లీ పంపండి" అని అడిగి అడిగి విసిగిపోయి, ఉచిత కన్వర్టరు పెట్టుకున్నాను. అది పనిచేస్తుంది, కానీ ప్రతి ఫైలుకూ ఒక అదనపు మెట్టు. మునిసిపల్ అనుమతికి ఆన్‌లైన్‌లో పెట్టే డ్రాయింగులో లేయర్ల పేర్లు చెప్పినవి చెప్పినట్టే ఉండాలి. కన్వర్టరు దాటి వచ్చిన ఫైలును ఒకటికి రెండుసార్లు సరిచూసుకోకుండా నేను పంపను.

ఇంకో బాధ యంత్రానిది. నా వెర్షన్ విండోస్ 7 మీద నమ్మకంగా నడుస్తుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. అందుకే ఆ కంప్యూటరును ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాను. 2021లో హార్డ్ డిస్క్ పాడైతే మళ్లీ యాక్టివేషన్ కోడ్ కోసం కంపెనీకి రాశాను. మీ వెర్షన్‌కు మద్దతు ఆగిపోయిందని మొదటి జవాబు. పదకొండు రోజులు ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాక, డీలరు పూనుకుంటే కోడ్ వచ్చింది. డబ్బు కట్టి కొన్న వస్తువు మళ్లీ నడవడానికి ఇంకొకరి అనుమతి కోసం పదకొండు రోజులు ఎదురుచూశాను. ఆ రోజుల్లో పడిన ఆందోళన నాకు ఇంకా గుర్తుంది.

శ్రీకాకుళంలో నాకు గురువులాంటి ఒక పెద్దాయన వృత్తి మానుకుంటూ, తన లైసెన్సు తన శిష్యుడికి ఇవ్వాలనుకున్నారు. బదిలీ కుదరదని కంపెనీ తేల్చి చెప్పింది. ఆయన నొచ్చుకున్నారు. చట్టం చూస్తే ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో పాత ఆటోక్యాడ్ కాపీలను తిరిగి అమ్మిన వ్యక్తి కేసులో, అది అమ్మకం కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని అక్కడి అప్పీళ్ల కోర్టు 2010లో చెప్పింది. ఐరోపా న్యాయస్థానం 2012లో మరో కేసులో ఇందుకు భిన్నంగా, శాశ్వత లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చని తీర్పు ఇచ్చింది. అందుకే కొనే ముందు ఒప్పందంలో బదిలీ గురించి ఏం రాశారో చదవమని అందరికీ చెబుతుంటాను. నేను 2012లో చదవలేదు.

కట్టడం మీద పడే భారాలను లెక్కగట్టే స్ట్రక్చరల్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారింది. అక్కడ కొత్త వెర్షన్ అవసరం నిజమైనది, ఎందుకంటే డిజైన్‌కు పాటించాల్సిన భారత ప్రమాణాలే, అంటే మేము కోడ్‌లు అనేవే, మారతాయి. గాలి భారాల ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగాన్ని 2015లో సవరించినప్పుడు తుఫాను తీరాలకు కె4 అనే గుణకం చేర్చారు. తూర్పు తీరంలో 60 కిలోమీటర్ల పట్టీలో అది వర్తిస్తుంది. మామూలు భవనాలకు 1, పరిశ్రమల కట్టడాలకు 1.15, తుఫాను తర్వాత కూడా పనిచేయాల్సిన ఆసుపత్రుల వంటివాటికి 1.30. మా తీరానికి ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పీడనం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, ఒక జీడిపప్పు షెడ్డుకు 1.15 గుణకం పెట్టగానే గాలి పీడనం దాదాపు 32 శాతం పెరుగుతుంది. నా పాత అనాలిసిస్ వెర్షన్‌కు ఈ గుణకమే తెలియదు. భూకంపాల కోడ్ ఐఎస్ 1893 కూడా 2016లో మారింది. కాంక్రీటు ఫ్రేముల విశ్లేషణలో పగుళ్లను లెక్కలోకి తీసుకుని బీముల జడత్వ భ్రామకాన్ని (వంపును తట్టుకునే గుణాన్ని) 35 శాతానికీ, కాలమ్‌లకు 70 శాతానికీ తగ్గించాలంది. ఇవన్నీ చేత్తో సరిచేసుకోవచ్చు, చేశాను కూడా. కానీ రాత్రి పదకొండు గంటలకు చేత్తో వేసిన గుణకంలో తప్పు దొర్లితే దాని కింద పనిచేసేది మనుషులు. అందుకే అనాలిసిస్‌కు మూడు నెలల చందా తీసుకుంటాను. పనులన్నీ కూడగట్టుకుని ఆ మూడు నెలల్లో పూర్తి చేస్తాను. ఈ పద్ధతి నాకు నచ్చింది, ఖర్చు కూడా అదుపులో ఉంది.

గీయడానికి మాత్రం నాకు సొంత పనిముట్టే కావాలి. తాపీ మేస్త్రీ తాపీని అద్దెకు తెచ్చుకోడు. శాశ్వత లైసెన్సు అమ్ముతూ వచ్చిన బ్రిక్స్‌క్యాడ్ అనే డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్‌ను నెల రోజులు ట్రయల్‌గా వాడి చూశాను. స్టీలు వివరాల కోసం నేను రాసుకున్న లిస్ప్ రొటీన్లు (చిన్న ప్రోగ్రాములు) ఒకటి రెండు తప్ప అన్నీ నడిచాయి. మా ఇంజనీరుకు చేయి తిరగడానికి వారం పట్టింది. మా దగ్గరికి శిక్షణకు వచ్చే కాలేజీ పిల్లలు ఉచిత విద్యార్థి లైసెన్సుతో నేర్చుకున్నది తప్ప వేరేది ముట్టుకోరు. ఆ లైసెన్సుతో ఆఫీసు పని చేయకూడదని వాళ్లకు మొదటి రోజే చెప్పాలి. దొంగ కాపీ పెట్టుకుని భవనానికి సంతకం చేసే పని మా గదిలో ఎన్నడూ జరగలేదు.

ఈ సెప్టెంబరులో రెండో సీటు (మా ఇంజనీరు ల్యాప్‌టాప్‌ది) చందా కట్టాలా వద్దా అన్న నిర్ణయం నా ముందుంది. ప్రోగ్రామర్ల పనిముట్లు చేసే జెట్‌బ్రెయిన్స్ 2015లో చందా ప్రకటించి, వాడుకరుల నుంచి వ్యతిరేకత రాగానే ఒక షరతు చేర్చింది. ఏడాది పాటు చందా కట్టినవారు తర్వాత మానుకున్నా, ఒక పాత వెర్షన్‌ను ఎప్పటికీ వాడుకోవచ్చు. ఆ పద్ధతే మాకు ఇవ్వమని మా సాఫ్ట్‌వేర్ కంపెనీకి రెండుసార్లు రాశాను. ఇస్తే ఆ 56,000 ఈ ఏడు కూడా మనస్ఫూర్తిగా కడతాను. ఇవ్వకపోతే మా ఇంజనీరు ల్యాప్‌టాప్‌లోకి బ్రిక్స్‌క్యాడ్ శాశ్వత లైసెన్సు వస్తుంది. ఈలోగా 2017 నుంచి ఆ సీటులో గీసిన ప్రతి డ్రాయింగునూ పాత ఫార్మాట్‌లోకి మార్చి నా యంత్రంలోకి ఎక్కిస్తున్నాము. రోజుకు ఇరవై ఫైళ్ల చొప్పున నడుస్తోంది. పలాస షెడ్లవి నిన్ననే పూర్తయ్యాయి.